ఒక్కసారి మొరాయించిన తుపాకీ

బ్రెట్ జైలు నుంచి వచ్చేశాడన్న కబురు గ్లెండాకు ఆమె తమ్ముడు హాలిస్ తెచ్చాడు. అప్పుడామె తను పనిచేసే దాణా కొట్లో కోడిపిల్లల మేత బస్తాలు సర్దుతోంది. హాలిస్ టోపీ తీసి చేత్తో పట్టుకుని, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"వదిలేశారక్కా వాణ్ణి. నిన్న వాళ్ళమ్మ కారేసుకుని వెళ్ళి తెచ్చుకుందట," అన్నాడు.

"ఊఁ," అంది గ్లెండా. చేతిలో ఉన్న బస్తాను అర మీద పెట్టి, పేరు కనిపించేలా ముందుకు తిప్పి, ఇంకో బస్తా అందుకుంది.

బ్రెట్ ఆమె అల్లుడు. గ్లెండాకున్న ఒక్కగానొక్క కూతురు రేలీన్‌ను చేసుకున్నాడు. పెళ్ళయిన కొన్నేళ్ళకు, ఒక సాయంత్రం వంటింట్లో ఆ పిల్ల అతని తుపాకీ దెబ్బకు చచ్చిపోయింది. తను కాల్చలేదని, బల్ల మీద పెట్టి తుడుస్తుంటే దానంతట అదే పేలిందని అతను చెప్పాడు. కోర్టులో తుపాకీల నిపుణుడొకడు సాక్ష్యం ఇచ్చాడు. తుపాకీని రబ్బరు సుత్తితో కొట్టి చూశాననీ, నడుమెత్తు నుంచి నేల మీదికి జారవిడిచి చూశాననీ, అన్ని వైపులకూ తిప్పి మళ్ళీ మళ్ళీ అదే చేశాననీ చెప్పాడు. ఏమీ కాలేదట. కానీ ఒకే ఒక్కసారి మాత్రం ట్రిగ్గర్ మీద వేలు లేకుండానే పేలిందట. పాత తుపాకీ, లోపలి ముక్కలు అరిగిపోయాయి అన్నాడు. బ్రెట్ లాయరు ఆ ఒక్కసారిని పట్టుకుని రోజంతా మాట్లాడాడు. జ్యూరీ వాళ్ళు దాన్ని హత్య కాదని, అజాగ్రత్త వల్ల జరిగిన చావని తేల్చారు.

ఆనాటి నుంచి గ్లెండాకు ఏదీ ఒంటికి ఆనడం లేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ మనది కానట్టు ఉంటుందే, ఒళ్ళంతా అలా ఉండేది. మొదట్లో అది దిగిపోతుందని ఎదురుచూసింది. తర్వాత ఎదురుచూడడం మానేసింది. పొద్దున్నే లేచి కొట్టుకు వెళ్ళేది, ఆదివారం చర్చికి వెళ్ళేది, ఎవరైనా నవ్వితే నవ్వేది.

"నీ ఇంటికి నాలుగు మైళ్ళు కూడా లేదక్కా వాళ్ళ ఇల్లు," అన్నాడు హాలిస్. "కోర్టులో నువ్వేం చెప్పావో వాడు మర్చిపోయి ఉంటాడనుకుంటున్నావా? రేలీన్ చెయ్యి రెండుసార్లు విరగ్గొట్టాడని చెప్పావు."

"విరగ్గొట్టాడు కాబట్టి చెప్పాను."

"అదే నేననేదీ. శనివారం మర్ల్ కొట్టుకు వెళ్దాం. నీకొక పిస్తోలు కొందాం."

గ్లెండా వద్దనలేదు. సరే అని కూడా అనలేదు. శనివారం హాలిస్ ట్రక్కు వచ్చి ఇంటి ముందు ఆగితే, గిన్నెలు కడగడం ఆపి వెళ్ళి కూర్చుంది.

మర్ల్ వాళ్ళ నాన్న తరం నుంచీ తుపాకుల కొట్టు నడుపుతున్నాడు. గోడ నిండా జింక కొమ్ములు, కౌంటరు మీద ఎప్పుడూ ఎండిపోయిన డోనట్ల పెట్టె. అతను గ్లెండా అరచేతిని తన అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ చూశాడు, చెప్పుల కొట్లో కాలు చూసినట్టు. మూడు నాలుగు పిస్తోళ్ళు చేతికిచ్చి పట్టుకోమన్నాడు. నడుముకు పెట్టుకుంటే చొక్కా కింద కనిపించని చిన్న నల్ల పిస్తోలు ఒకటి తేలింది.

"ఇది బాగానే ఉంది," అంది గ్లెండా. అన్నీ ఒకేలా ఉన్నాయి ఆమెకు.

"బాగుందో లేదో ఇప్పుడే ఎలా తెలుస్తుంది మిస్ గ్లెండా?" అన్నాడు మర్ల్, ఆ ఊళ్ళో పెద్ద ఆడవాళ్ళను పిలిచే తీరులో. "దీన్ని ఇవాళే నడుముకు కట్టుకుని తిరగొద్దు. ముందు ఫ్యాక్టరీ జిడ్డంతా తుడిచి, నూనె పెట్టు. తర్వాత మామూలు తూటాలు దండిగా కాల్చు. అవయ్యాక, నువ్వు రోజూ పెట్టుకుని తిరిగే తూటాలుంటాయి చూడు, ఈ మొన గుల్లగా ఉండేవి, వీటిని కాల్చు. మామూలు వాటితో నడిచింది కదా అని వీటితో నడుస్తుందని లేదు. ఈ మూతులు లోపలికి ఎక్కేటప్పుడు అడ్డం పడతాయి."

"కొత్తదే కదా."

"కొత్తదయితే? మీ తమ్ముడి కొత్త ట్రాక్టరు మొదటి వానకే పొలంలో కూర్చోలేదూ?"

"దాని సంగతి ఇప్పుడెందుకు?" అన్నాడు హాలిస్.

"చెప్తున్నాలే. ఒక్కటి కూడా మొరాయించకుండా అన్నీ కాలాలి. ఒక్కటి మొరాయించిందంటే, ఎందుకు మొరాయించిందో కనుక్కుని, సరిచేసి, మళ్ళీ మొదట్నుంచి కాల్చాలి."

గ్లెండా అప్పటిదాకా కౌంటరు అద్దంలోకి చూస్తోంది. తలెత్తింది.

"ఒక్కసారికే?"

"ఒక్కసారికే."

"మిగతావన్నీ బాగా కాలినా?"

"మిగతావి లెక్కలోకి రావమ్మా," అన్నాడు మర్ల్. "నీకు దానితో పని పడేది కూడా ఒక్కసారే కదా."

గ్లెండా ఇంటికి వచ్చేటప్పుడు ట్రక్కులో పిస్తోలు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు పక్కన కోళ్ళ షెడ్లు ఒకదాని తర్వాత ఒకటి వెళ్ళిపోతుంటే చూస్తూ కూర్చుంది.

మర్నాడు చర్చి అయ్యాక హాలిస్ గడ్డి మైదానానికి వెళ్ళారు. మైదానం చివర ఎర్రమట్టి దిబ్బ ఉంది. దాని ముందు రెండు గుంజలు పాతి, అట్ట ముక్క కట్టి, దాని మీద విందుల్లో వాడే కాగితపు పళ్ళేలు గుచ్చాడు హాలిస్. కంచెకు అవతల అతని ఆవులు నిలబడి ఉన్నాయి. పిస్తోలుతో పాటు వచ్చిన, తూటాలు నింపే రెండు మ్యాగజైన్లకూ తన భార్య గోళ్ళ రంగుతో గుర్తులు పెట్టాడు, ఒకదానికి ఒక చుక్క, ఇంకోదానికి రెండు. ఏదైనా మొరాయిస్తే ఏ మ్యాగజైన్‌తోనో తెలియాలి కదా అన్నాడు.

మొదటి దెబ్బకు ఆవులు తలెత్తి చూశాయి. రెండో మ్యాగజైన్ అయ్యేసరికి అవి మళ్ళీ గడ్డిలో మూతులు పెట్టాయి. గ్లెండా కూడా అంతే. చెవులకు మూతలున్నాయి, చప్పుడు ఎక్కడో గోడ అవతల జరుగుతున్నట్టుంది. కాల్చినప్పుడల్లా ఇత్తడి డొల్ల ఒకటి కుడి పక్కకు ఎగిరి గడ్డిలో పడుతోంది. ఒకటి వచ్చి ఆమె మెడ దగ్గర చొక్కాలో పడింది. కాలింది. హాలిస్ కంగారుపడి పరుగెత్తుకొచ్చాడు.

"తియ్యక్కా, తియ్యి. బొబ్బెక్కుతుంది."

ఆమె పిస్తోలును పక్కన వేసిన బల్ల మీద పెట్టి, చొక్కా దులిపి, మళ్ళీ పిస్తోలు తీసుకుంది. మెడ మీద ఎర్రటి గీత పడింది. నొప్పి ఉందని ఆమెకు తెలుస్తోంది, అంతే.

మామూలు తూటాలన్నీ కాలిపోయాయి. ఒక్కటీ ఆగలేదు. హాలిస్ సంతోషించి, ట్రక్కు వెనక తలుపు దించి కూర్చుని, ఫ్లాస్కులో తెచ్చిన తియ్యటి చల్లటి టీ పోశాడు.

"అక్కా, ఒక మాట అడుగుతా. కోప్పడవు కదా?"

"అడుగు."

"వాడింటికి వెళ్ళవు కదా నువ్వు? దీన్ని పట్టుకుని?"

గ్లెండా టీ గ్లాసులో ఐసు ముక్కల్ని చూసింది. నిజం చెప్పాలని ప్రయత్నించింది. మనసులోకి వెళ్ళి వెతికింది కానీ అక్కడ ఏమీ దొరకలేదు.

"తెలీదు హాలిస్," అంది.

"తెలీదంటే ఎలా?"

"తెలీదంటే తెలీదు. నువ్వు కొనమంటే కొన్నాను. ఇప్పుడు కాల్చమంటే కాలుస్తున్నాను."

హాలిస్ టోపీ వెనక్కి జరిపి నుదురు రుద్దుకున్నాడు. తర్వాత లేచి గుల్ల తూటాల పెట్టె విప్పాడు.

వాటిని రెండోసారి నింపి కాలుస్తుంటే, నాలుగో తూటాకో ఐదో తూటాకో పిస్తోలు ఆగిపోయింది. పైన జరిగే స్లైడు సగం దాకా వచ్చి, తూటా ముక్కు బయటపెట్టుకుని ఇరుక్కుపోయింది. గ్లెండా ట్రిగ్గర్ నొక్కుతూనే ఉంది. అది మెత్తగా, దేనికీ తగలకుండా వెనక్కి వెళ్ళింది.

"ఆగు ఆగు. దిబ్బ వైపే ఉంచు," అని హాలిస్ వచ్చి చూశాడు. "ఒక చుక్క మ్యాగజైన్. సరే." మ్యాగజైన్ తీసి, స్లైడు లాగి, ఇరుక్కున్న తూటాను కింద పడేసి, అదే మ్యాగజైన్ నింపి తను కాల్చాడు. గడగడా అన్నీ కాలాయి. రెండు చుక్కలదీ కాల్చాడు. అదీ కాలింది. మళ్ళీ గ్లెండాకు ఇచ్చాడు. ఈసారి రెండు చుక్కల మ్యాగజైన్‌తోనే ఆగింది.

"మ్యాగజైన్ తప్పు కాదు," అన్నాడు హాలిస్. ఆమె చేతి వైపు చూశాడు. "అక్కా, చచ్చిన కోడిపిల్లను పారెయ్యడానికి తీసుకెళ్తున్నట్టు పట్టుకుంటున్నావు దాన్ని. అది వెనక్కి తన్నేటప్పుడు నీ చెయ్యి గట్టిగా ఆపాలి. ఆపకపోతే పైముక్క పూర్తిగా వెనక్కి పోదు, కింది తూటా పైకి ఎక్కదు. మొత్తం నీ మణికట్టులో ఉంది."

"గట్టిగానే పట్టుకున్నా."

"లేదు."

ఆమె తన చేతిని చూసుకుంది. తను గట్టిగా పట్టుకుందో లేదో ఆమెకు నిజంగా తెలియలేదు.

హాలిస్ మనసు ఒప్పుకోలేదు. చేతి తప్పయితే సరే, తుపాకీలో కూడా ఏమన్నా ఉందేమో, మర్ల్‌కు చూపిద్దాం అన్నాడు. సోమవారం దాన్ని తీసుకెళ్ళి మర్ల్ దగ్గర వదిలిపెట్టాడు.

అది మర్ల్ దగ్గర ఉండగానే, బుధవారం మధ్యాహ్నం, బ్రెట్ దాణా కొట్టుకు వచ్చాడు.

తలుపుకున్న గంట మోగితే గ్లెండా తలెత్తింది. సన్నగా ఒకడు నిలబడి ఉన్నాడు. చొక్కా భుజాలు జారిపోతున్నాయి. ఎవరో కొత్తవాడనుకుంది. అతను టోపీ తీశాక, నుదుటి మీద జుట్టు వెనక్కి పోయి ఉన్నా, పోల్చుకుంది. కొట్లో ఇంకెవరూ లేరు. యజమాని వెనక గోదాములో బస్తాలెత్తే ఫోర్కుబండి నడుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"మిస్ గ్లెండా," అన్నాడు బ్రెట్.

"ఏం కావాలి?"

"అమ్మ కోళ్ళ తొట్టెకు... నీళ్ళు నిండగానే ఆపేస్తుంది చూడండి, బంతి మీట, అది పోయింది. రాత్రంతా నీళ్ళు కారి బురద బురద అయింది."

ఆమె కౌంటరు వెనక నుంచి బయటికి వచ్చి, మూడో వరుసలోకి నడిచి, అర మీద చూసి, ఒకటి తీసుకుని వచ్చింది. అతను అక్కడే నిలబడి తన చేతులు చూసుకుంటున్నాడు. గోళ్ళ కింద మట్టి ఉంది.

"మీరిక్కడ పనిచేస్తున్నారని అమ్మ చెప్పలేదు," అన్నాడు. "చెప్తే వచ్చేవాణ్ణి కాదు."

గ్లెండా మీటను సంచీలో వేసింది.

"అది దానంతట అదే పేలింది మిస్ గ్లెండా. ఆ నిపుణుడు చెప్పాడు కదా, మీరూ విన్నారు కదా."

ఆమె అతని మొహం చూసింది. తను ఏదో ఒకటి అనాలి. ఇన్నేళ్ళూ రాత్రిళ్ళు పడుకుని ఏమనాలో అనుకునేది, మొదట్లో. ఇప్పుడు వాటిల్లో ఒక్క ముక్కా నోటి దాకా రాలేదు.  

"ఇంకేమన్నా కావాలా?" అంది.

బ్రెట్ దవడ బిగుసుకుంది. ఆ దవడ ఆమెకు గుర్తుంది, ఒకసారి థ్యాంక్స్‌గివింగ్ పండగ రోజు రేలీన్ గ్రేవీ గిన్నె ఒలకబోసినప్పుడు చూసింది. ఒక్క క్షణం అతను కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగాడు. తర్వాత గోదాములో ఫోర్కుబండి ఆగింది. అతను సంచీ తీసుకుని, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గ్లెండా తర్వాత వచ్చిన మనిషికి మేకులు తూచింది. గుర్రం జీను గురించి అడిగితే సమాధానం చెప్పింది. కొట్టు మూసేటప్పుడు మూడో వరుసలో అర సర్దుతుంటే తెలిసింది, తను బ్రెట్‌కు ఇచ్చిన మీట పెద్ద గొట్టానిది. ఇక్కడి ఇళ్ళల్లో కోళ్ళ తొట్టెలన్నిటికీ చిన్నదే కావాలి. అది అతని తొట్టెకు పట్టదు. మార్చుకోవడానికి మళ్ళీ రావాలి.

ఆమె చాలాసేపు ఆ అర ముందు నిలబడింది. అప్పుడు కూడా భయం వేయలేదు. కాకపోతే ఇంటికి వెళ్ళాక రాత్రి భోజనం చేయడం మర్చిపోయింది. పొద్దున్న పొయ్యి మీద చల్లారిపోయిన చిక్కుడు గింజల గిన్నె చూసి, నిన్న తినలేదని తెలుసుకుంది.

శనివారం మర్ల్ పిస్తోలు తిరిగి ఇచ్చాడు. దాన్లో ఏ తప్పూ లేదన్నాడు. కాకపోతే గుల్ల తూటాల్లో మూతి కాస్త గుండ్రంగా ఉండే ఇంకో రకం ఇచ్చాడు, ఇవి నున్నగా ఎక్కుతాయి, వీటితో మొదట్నుంచి కాల్చండి అన్నాడు.

ఆదివారం మళ్ళీ మైదానం. కొత్త కాగితపు పళ్ళేలు. హాలిస్ ఈసారి ఆమె వెనక నిలబడి, తన రెండు చేతులూ ఆమె చేతుల చుట్టూ వేసి పట్టుకున్నాడు.

"ఇదీ పట్టు. ఇంతకంటే వదలకు. చిన్నప్పుడు నన్ను వాగు దాటించేదానివి చూడు, నేను కొట్టుకుపోతానని, నా మణికట్టు నల్లగా కమిలేలా పట్టుకునేదానివి. అలా పట్టుకో."

"నువ్వు విదిలించుకునేవాడివి."

"అదీ విదిలించుకుంటుంది. వదలకు."

ఆమె పట్టుకుంది. కాల్చింది. హాలిస్ చేతులు తీసేశాడు. ఆమె కాల్చింది. మామూలు తూటాలు అయిపోయాయి. గుల్ల తూటాలు మొదలుపెట్టారు. పళ్ళేల్లో చిల్లులు కిందికీ పక్కకీ పడుతున్నాయి, హాలిస్ వాటిని పట్టించుకోవడం లేదు. గురి తర్వాత వస్తుంది, ముందు ఇది ఆగకుండా కాలాలి అంటున్నాడు. ఆమె ముంజేతులు వణకడం మొదలుపెట్టాయి. బొటనవేలి పక్కన స్లైడు గీరుకుని చర్మం లేచింది. ఒక్కో తూటా కాలాక ఆమె ఒక లిప్త ఆగి, ఆగిపోయిందా లేదా అని చూసేది. ఆగలేదు.

మ్యాగజైన్లు నింపుతూ ఉన్నట్టుండి అంది, "వాళ్ళు కూడా మళ్ళీ మొదట్నుంచి చేసి ఉండాల్సింది."

"ఎవరు?"

"కోర్టులో. ఆ ఒక్కసారి పేలింది కదా. ఎందుకు పేలిందో కనుక్కుని, మళ్ళీ మొదట్నుంచి చేసి ఉండాల్సింది."

హాలిస్ ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. ఆమె ఆఖరి తూటా నెట్టి, మ్యాగజైన్‌ను అరచేత్తో లోపలికి కొట్టి, నిలబడింది. అన్నీ కాలాయి.

"అయిపోయిందక్కా," అన్నాడు హాలిస్. "ఇక నమ్మొచ్చు దీన్ని. రేపట్నుంచి పెట్టుకో."

సోమవారం ఆమె దాన్ని కుడి నడుము మీద తోలు ఒరలో పెట్టుకుని, పైన వదులుగా ఉండే చొక్కా వేసుకుని కొట్టుకు వెళ్ళింది. కొట్టు యజమానికి ముందే చెప్పింది. అతను, తన దగ్గరా ఒకటుంది, మంచిదే అన్నాడు. పిస్తోలు బరువుగా ఉంది. కూర్చుంటే పక్కటెముకకు గుచ్చుకుంటోంది. ప్రతిసారీ తలుపు గంట మోగినప్పుడు ఆమె బ్రెట్ అనుకుని చూసింది.

మంగళవారం పొద్దున గంట మోగితే వచ్చింది బ్రెట్ కాదు, ఒలీటా. అతని తల్లి. ఒకప్పటి వియ్యపురాలు.

వాళ్ళిద్దరూ మాట్లాడుకుని ఏళ్ళయింది. ఒకే చర్చిలో చెరో పక్కన కూర్చునేవారు. కేసు నడిచినన్నాళ్ళూ ఒలీటా కొడుకు వెనక వరుసలో కూర్చుంది. సాక్ష్యం చెప్పమంటే బోనులో ఏడుస్తూ, నా కొడుకు చీమకు కూడా హాని చెయ్యడు అంది. ఇప్పుడు మనిషి బాగా వంగిపోయింది. చేతిలో గ్లెండా ఇచ్చిన సంచీ ఉంది.

"ఇది పట్టలేదు," అంది, సంచీ కౌంటరు మీద పెట్టి.

"పెద్దది ఇచ్చాను. పొరపాటు నాదే."

"వాడు తనే మార్చుకొస్తానన్నాడు. నేనే వద్దన్నాను. నేను వెళ్తానులే అన్నాను."

గ్లెండా చిన్నది తెచ్చి ఇచ్చింది. ఒలీటా వెళ్ళలేదు. కోళ్ళ మేత కూడా ఒక బస్తా కావాలంది. ఆమె చేతివేళ్ళు కీళ్ళ దగ్గర ముడులు పడి ఉన్నాయి, బస్తా మోయలేదు. గ్లెండా దాన్ని భుజాన వేసుకుని బయట కారు దాకా తీసుకెళ్ళి, వెనక డిక్కీలోకి దించడానికి వంగింది. వంగినప్పుడు చొక్కా పైకి లేచింది.

నిటారుగా అయ్యేసరికి ఒలీటా ఆమె నడుము వైపే చూస్తోంది.

"వాడి కోసమేనా?" అంది.

గ్లెండా చొక్కా కిందికి లాక్కుంది. "అవును."

ఒలీటా కోప్పడలేదు, ఏడవలేదు. డిక్కీ మూత మీద చెయ్యి వేసి, రోడ్డు మీద పోతున్న కోళ్ళ లారీ వెళ్ళిపోయేదాకా ఆగింది. దాని వెనక తెల్లటి ఈకలు లేచి పడ్డాయి.

"నేనూ ఒకటి తెచ్చుకున్నాను," అంది.

గ్లెండాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కారుకు ఆనుకుంది. ఒక్క క్షణమే. 

"ఎప్పుడు?"

"వాణ్ణి తీసుకురావడానికి వెళ్ళే ముందు. పక్క కౌంటీలో తాకట్టు కొట్లో. ఇక్కడ మర్ల్ దగ్గరయితే ఊరంతా తెలుస్తుంది కదా."

"నీ మీద చెయ్యి చేసుకున్నాడా?"

"ఇంకా లేదు. వంటింట్లోకి వచ్చి నా వెనక నిలబడతాడు. ఏమీ అనడు. నిలబడతాడంతే." ఒలీటా కారు తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "పొమ్మని అనలేను గ్లెండా. నా కొడుకు. ఎక్కడికి పొమ్మంటాను?"

కోర్టులో బోనులో ఆమె అన్న మాట ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ దాని జోలికి వెళ్ళలేదు.

"కాల్చి చూశావా దాన్ని?" అంది గ్లెండా.

"లేదు. మొక్కజొన్న పిండి డబ్బాలో పెట్టాను. ఇంటి దగ్గర కాలిస్తే వాడికి వినిపిస్తుంది."

"పిండిలో పెట్టకు. పాడవుతుంది." గ్లెండా కొట్టు వైపు చూసింది, లోపల ఎవరో కౌంటరు మీది గంట కొడుతున్నారు. "ఆదివారం హాలిస్ మైదానానికి తీసుకురా. చర్చి నుంచి అటే వచ్చెయ్యి."

"హాలిస్ నన్ను రానిస్తాడా?"

"నేను చెప్తాలే."

హాలిస్‌కు చెప్తే అతను మొదట నమ్మలేదు. తర్వాత మండిపడ్డాడు.

"ఆవిడ కోర్టులో నిజం ఒక్కమాట చెప్పి ఉంటే వాడు ఇప్పుడప్పుడే బయటికి వచ్చేవాడు కాదు. ఇప్పుడు ఆవిడకు తుపాకీ నేర్పాలా మనం?"

"నేర్పొద్దు. పనిచేస్తుందో లేదో చూద్దాం అంతే."

"పనిచేస్తే ఏంటి, చెయ్యకపోతే మనకేంటి?"

"ఏమో," అంది గ్లెండా. "పనిచెయ్యని దాన్ని నమ్ముకుని ఆ ఇంట్లో పడుకుంటోంది."

ఆదివారం ఒలీటా వచ్చింది. ఒట్టి చేతులతో రాకూడదని, పచ్చసొనలో ఆవపొడి కలిపి నింపిన ఉడికిన గుడ్లు పళ్ళెం నిండా తెచ్చి, పైన అల్యూమినియం కాగితం కప్పింది. ఆమె తుపాకీ చిన్న రివాల్వర్, పిడికి కర్ర పలక. పిండి మొత్తం దాని సందుల్లోకి పోయింది. హాలిస్ ఆమెతో మాట్లాడకుండానే దాన్ని తీసుకుని, ట్రక్కు వెనక తలుపు దించి దాని మీద పాత గుడ్డ పరిచి, బ్రష్షుతో దులిపి, నూనె పెట్టి, తూటాల చక్రం తిప్పి చూసి, తనే ముందు ఆరు తూటాలు కాల్చాడు. ఆరూ కాలాయి. అప్పుడు చెవి మూతలు తీసుకెళ్ళి ఒలీటా తల మీద తనే పెట్టాడు. ఆమె చర్చికి వేసుకొచ్చిన టోపీ పక్కకు ఒరిగిపోయింది.

ఒలీటా రెండు చేతులతో పట్టుకుని నొక్కింది. ట్రిగ్గర్ కదల్లేదు. ఆమె వేళ్ళకు అంత సత్తువ లేదు. మళ్ళీ నొక్కింది, పెదవులు తెల్లబడ్డాయి. తుపాకీ ముందుకు వాలిపోయింది.

"దీన్ని ఇలా వెనక్కి లాగి పెట్టుకో ముందు," అన్నాడు హాలిస్, తుపాకీ వెనక సుత్తిలా ఉన్న మీటను చూపించి. "రెండు బొటనవేళ్ళతో లాగు. అప్పుడు ట్రిగ్గర్ తేలిగ్గా వస్తుంది."

ఆమె లాగింది. క్లిక్కుమంది. నొక్కింది. పేలింది. మట్టి దిబ్బ మీద ఎక్కడో పైన దుమ్ము లేచింది. ఒలీటా వెనక్కి ఒక అడుగు వేసి, గ్లెండా వైపు తిరిగి చూసింది, తను తప్పేమైనా చేసిందా అన్నట్టు.

"మళ్ళీ కాల్చు," అంది గ్లెండా.

అలా ఒక్కొక్కటే, ఆగి ఆగి, ఒక పెట్టె కాల్చింది. మధ్యలో వేళ్ళు పట్టేస్తే గ్లెండా వాటిని తన చేతుల్లోకి తీసుకుని రుద్దింది. ఒక్కటీ మొరాయించలేదు. ఖాళీ డొల్లలను హాలిస్ తీసి డబ్బాలో వేశాడు. ముగ్గురూ ట్రక్కు వెనక నిలబడి గుడ్లు తిన్నారు. ఆవపొడి ఘాటు నాలుకకు తగిలి గ్లెండా ఇంకొకటి తీసుకుంది.

"నేను పోవాలి," అంది ఒలీటా. "వాడు భోజనానికి ఎదురుచూస్తుంటాడు. మాంసం ఓవెన్‌లో పెట్టి వచ్చాను."

తుపాకీని రుమాల్లో చుట్టి చేతిసంచీలో పెట్టుకుంది.

"సంచీ బల్ల మీద పెట్టకు," అంది గ్లెండా. "నీ ఒంటి మీదే ఉంచుకో."

"వంట చేసేటప్పుడు ఎలా ఉంచుకోను?"

గ్లెండా ఆలోచించింది. "ఏప్రన్ జేబులో పెట్టుకో. జేబు పెద్దది కుట్టుకో."

ఒలీటా తలూపింది. ఖాళీ పళ్ళెం చంకలో పెట్టుకుని, కారెక్కి, గడ్డి మీద మెల్లగా నడుపుకుంటూ గేటు దాకా వెళ్ళింది. గేటు తెరవడానికి హాలిస్ ముందే అక్కడికి నడిచి వెళ్ళి నిలబడి ఉన్నాడు.